అందరూ జూన్‌లోనే పుట్టారు

ప్రాబబిలిటీ లెక్కలు రానివాడికి ఈ దేశంలో ఉద్యోగం ఇవ్వకూడదు! ఇవ్వడం లేదు కూడా. అందుకు మన సాఫ్ట్‌వేర్ కంపెనీలకు రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాను.

ఒక సంచిలో ఐదు ఎర్ర బంతులు, నాలుగు నల్ల బంతులు. చూడకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే అవకాశం ఎంత? ఐదింట్లోంచి రెండు ఎర్రవి తీసే దారులు పది. తొమ్మిదింట్లోంచి ఏవో రెండు తీసే దారులు ముప్ఫై ఆరు. పది బై ముప్ఫై ఆరు, అంటే ఐదు బై పద్దెనిమిది. ఒక్క నిమిషంలో చెప్పినవాడు లోపలికి, రెండో నిమిషం తీసుకున్నవాడు ఇంటికి. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంది?

"చూడకుండా ఎందుకు తీయాలి? సంచి తెరిచి చూడొచ్చుగా?" అనే అజ్ఞానులు కొందరుంటారు. చూస్తే తెలిసిపోతుంది కదయ్యా! తెలిసిపోతే లెక్కెందుకు? లెక్క లేకపోతే పరీక్షెందుకు? పరీక్ష లేకపోతే అమీర్‌పేటెందుకు? ఆ ఒక్క సంచి మూతి విప్పారంటే కోచింగ్ సెంటర్లతో కిక్కిరిసిన మైత్రీవనం మెట్ల మీద కాకులు వాలతాయి.

సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాళ్ళను ఓ పదిమందిని అడిగి చూశాను. ఆఫీసులో వాళ్ళకు ఎన్నడూ సంచి గానీ బంతి గానీ కంటబడలేదట. అది వాళ్ళ దురదృష్టం. అందులో లెక్క చేసిన తప్పేముంది?

అసలు అమీర్‌పేటలో లెక్క రాకుండా ఒక్క పూటైనా గడుస్తుందా? మధురానగర్‌లో వంశీకృష్ణ అనే కుర్రాడు ఉండే హాస్టల్‌నే చూడండి. పద్దెనిమిది మంది, ఒకటే బాత్‌రూము. పొద్దున్నే ఎవరి తర్వాత ఎవరు అనే వరసను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? ఆరు వేసి, దాని పక్కన ఇంకో పదిహేను అంకెలు వేయాలి! అన్ని వరసలున్నా రోజూ మొదట దూరేది మాత్రం వంశీకృష్ణే. తువ్వాలు భుజాన వేసుకుని ఆ తలుపు ముందే పడుకుంటాడు మరి.

ఇంత ఉపకారం చేసే లెక్కలతో పేచీ పెట్టుకున్న పిల్ల ఒకతె ఉంది. ఆ కథ చెబుతాను. పిల్లలున్నవాళ్ళు శ్రద్ధగా చదవండి, బుద్ధి చెప్పడానికి పనికొస్తుంది.

పేరు నిరోష. సిరిసిల్ల నుంచి వచ్చి బోరబండలో స్థిరపడిన నేతపనివాళ్ళ అమ్మాయి. తండ్రి రాజనర్సయ్య ఇప్పుడు జాకెట్లు కుడతాడు, తల్లి పోశవ్వ చీరలకు పీకో, ఫాల్ వేస్తుంది. నిరోష రెండువేల ఐదులో ఇంజనీరింగ్ పాసైంది. ఏడాదిగా రోజూ బోరబండలో బస్సెక్కి మైత్రీవనం వచ్చి, లెక్కలు నేర్చుకుని, కంపెనీల పరీక్షలు రాస్తోంది.

పది కంపెనీలు అయిపోయాయి. పదకొండోది ఒక్కటి మిగిలింది. అదీ పోతే ఇక పన్నెండోది లేదు. ఎందుకంటే కంపెనీలు ఈ ఏడు పాసైనవాళ్ళనూ, కిందటేడు పాసైనవాళ్ళనూ మాత్రమే పిలుస్తాయి. వచ్చే నెల నుంచి ప్రకటనల్లో రెండువేల ఆరు, ఏడు అని పడుతుంది. అక్కడితో నిరోష పాత సరుకు. మిగిలిపోయిన ఇడ్లీ పిండి మర్నాడు అట్టుకైనా పనికొస్తుంది గానీ, పాత పాసవుటు దేనికీ పనికిరాదు.

పోనీ పిల్లకు లెక్కలు రావా అంటే, భేషుగ్గా వచ్చు! వేళ్ళ మీద లెక్కపెట్టి అయినా సరే జవాబు తెస్తుంది. ఆమె జబ్బల్లా ఒకటే. లెక్కలో మనుషులు వస్తే నిజంగా మనుషుల్నే తలుచుకుంటుంది. "పదిమంది గుండ్రటి బల్ల చుట్టూ ఎన్ని రకాలుగా కూర్చోవచ్చు?" అంటే తొమ్మిది ఫ్యాక్టోరియల్ అని రాసి ఊరుకోవచ్చు కదా! "కోడలు పోయి అత్త పక్కపొంటి కూసుంటదా సార్?" అని అడుగుతుంది. అలాంటి పిల్లకు పది కంపెనీలు పోయాయంటే పోవా మరి?

ఆమెను దారిలో పెట్టడానికి దేవుడు పంపినవారు అచ్యుతరావు గారు. గుంటూరు నుంచి వచ్చి మైత్రీవనంలో ఆప్టిట్యూడ్ చెబుతున్న పెద్దమనిషి. ఆయన క్లాసంటే వెనక నిలబడి వినేవాళ్ళు కూడా ఉంటారు. ప్రతి బ్యాచ్‌కూ ఆయన చేసి చూపించే విద్య ఒకటుంది.

"గదిలో ఇరవై ముగ్గురుంటే చాలర్రా! వాళ్ళలో ఏ ఇద్దరిదైనా ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగానికి పైనే. నమ్మరా? రండి, లెక్కేద్దాం. తిన్నగా లెక్కిస్తే తెమలదు, తిరగేసి లెక్కించాలి. అసలు ఎవరిదీ ఎవరితోనూ కలవకుండా ఉండాలంటే ఎన్ని దారులు? మొదటివాడికి మూడు వందల అరవై ఐదు రోజులూ ఖాళీ. రెండోవాడికి ఒకటి తక్కువ. మూడోవాడికి రెండు తక్కువ. ఇలా ఇరవై మూడోవాడికి వచ్చేసరికి మూడు వందల నలభై మూడు. అన్నీ గుణించి మొత్తం దారులతో భాగిస్తే పాయింట్ నాలుగు తొమ్మిది మూడు. అది ఒకటిలోంచి తీసేయండి. పాయింట్ ఐదు సున్నా ఏడు! ఇరవై ముగ్గురిని ఇద్దరిద్దరిగా జత కడితే రెండు వందల యాభై మూడు జతలు. ఏదో ఒక జత కలవక ఎక్కడికి పోతుంది?"

"ఏడాదిలో అన్ని రోజులకూ సమానంగా అవకాశం ఉందనుకుందాం" అని మొదట్లోనే ఒక ముక్క అనేసి ఉంటారు. అలా అనుకోకపోతే లెక్క ముందుకు కదలదు. అనుకోవడానికి పోయేదేముంది, అందరూ అనుకున్నారు.

సూత్రం చెప్పాక రుజువు చూపించాలి కదా! ముందు బెంచీల్లో ఇరవై ముగ్గురిని లేపి, సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినరోజు వరసగా చెప్పమన్నారు.

"జూన్ ఐదు."

"జూన్ పది."

"ఆగస్టు ఇరవై."

"జూన్ పది."

"జూన్ ఒకటి."

"జూన్ పది సార్" అంది నిరోష.

హాలంతా చప్పట్లు. అచ్యుతరావు గారు చాక్‌పీసు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు. "చూశారా! ఇరవై ఏళ్ళ నుంచి చెబుతున్నాను. గుంటూరులో గానీ, ఇక్కడ గానీ, ఒక్క బ్యాచ్‌లో కూడా ఈ సూత్రం తప్పలేదు!"

నిరోష కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఈ వ్యాసమే లేదు.

"సార్, సగం అన్నరు గదా. సగం అంటే సగం సార్లు తప్పాలె గదా సార్? ఇరవై ఏండ్ల సంది ఒక్కపారి సుత తప్పలేదంటే, లెక్కల ఏదో గడబిడ ఉన్నట్టే గదా?"

అచ్యుతరావు గారు చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. "ఏంటమ్మా నువ్వనేది?"

"గీ తేదీలు మమ్ముల కన్నోళ్ళు చెప్పినయి కావు సార్. బడి సార్లు రాసినయి. బడి తెరిచేది జూన్ల. చేరే దినానికి పిల్లకు అయిదేండ్లు నిండాలె. మా అమ్మకు తేదీ తెల్వదు. గందుకే సారు అయిదేండ్లు ఎనుకకు పోయి జూన్ పది అని రాసిండు. సిరిసిల్ల బడిల మా క్లాసుల జూన్ల పుట్టినోళ్ళమే నలబై మందిమి. జూన్ల ఉన్నయే ముప్పై దినాలు. ముప్పై ఒకటో మనిషి ఎవల్నో ఒకల్ని గుద్దుకోవాల్సిందే. గుణకారం సుత అక్కర లేదు సార్."

హాల్లో నవ్వులు. అందరికన్నా గట్టిగా నవ్వింది వెనక బెంచీలో వంశీకృష్ణ. ఎందుకంటే వాడిదీ జూనే! వాడి నాన్నగారు రాజమండ్రిలో గుమాస్తా. కొడుకు పుట్టింది నవంబర్‌లో అని ఆయనకు శుభ్రంగా తెలుసు. అయినా రేపు సర్కారు కొలువొస్తే సర్వీసు కలిసొస్తుందని, ముందుచూపుతో వయసులో ఏడు నెలలు కోసేసి మరుసటి జూన్ వేయించారు. సిరిసిల్లలో తేదీ తెలియక జూన్, రాజమండ్రిలో తేదీ తెలిసీ జూన్. ఎటు తిరిగినా జూన్ తప్పదు. కేకు మాత్రం వాడు హాస్టల్లో నవంబర్‌లోనే కోస్తాడు.

అచ్యుతరావు గారు మంచి మనిషి. కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళుగా తన విద్య ఎందుకు తప్పలేదో ఆ క్షణాన తెలిసింది పాపం, ఆ మొహం చూస్తే ఎవరికైనా జాలేసేది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ పరీక్షలో వస్తే మాత్రం పాయింట్ ఐదు సున్నా ఏడుకే టిక్కు పెట్టు. ఆన్సర్ కీలో ఏముంటే అదే నిజం."

ఎంత మాటన్నారు! ఇలాంటి మాటలు విని కూడా బాగుపడకపోతే అది విన్నవాళ్ళ ఖర్మ.

పదకొండో కంపెనీ రాత పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కింద నాలుగు ఆప్షన్లు. రెండోది పాయింట్ ఐదు సున్నా ఏడు. నాలుగోది 'ఖాయంగా ఉంటారు'. నిరోష పెన్సిలు నాలుగోదాని మీద కాసేపు ఆగింది. తర్వాత సారు మాట గుర్తొచ్చి రెండోదానికి దిగింది. పాసైంది! చూశారా, నిజాన్ని ఒక్క నిమిషం పక్కన పెడితే ఎంత లాభమో?

ఇంటర్వ్యూ పంజాగుట్టలో. ఒక అద్దాల భవనం, మూడో అంతస్తు. ఆ రోజు పిలిచింది సరిగ్గా ఇరవై ముగ్గురిని. లెక్కలు ఒకరి మీద పగబట్టాయంటే ఇలాగే ఉంటుంది.

రాత పరీక్ష గట్టెక్కిన వంశీకృష్ణ నిరోషకన్నా ముందు వెళ్ళాడు. లోపల అదే ప్రశ్న. "పాయింట్ ఫైవ్ జీరో సెవెన్ సార్!" అన్నాడు. తన జూన్ గురించి గానీ నవంబర్ గురించి గానీ నోరు మెదపలేదు. నాలుగు నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చాడు. అదీ పెంపకమంటే!

తర్వాత నిరోష. బల్లకు అటువైపు ఇద్దరు. టెక్నికల్ చూసే రామ్మోహనరావు గారు, ఉద్యోగుల వ్యవహారాలు చూసే కుసుమకుమారి గారు. రామ్మోహనరావు గారు అదే ప్రశ్న వేసి, "జవాబు అందరూ చెబుతున్నారమ్మా. ఎలా వచ్చిందో చెప్పగలరా?" అన్నారు.

నిరోష చెప్పింది. తిరగేసి లెక్కించడం, ఒక్కొక్కరికి ఒక్కో రోజు తగ్గడం, రెండు వందల యాభై మూడు జతలు, అన్నీ విడమరిచి చెప్పింది. పొద్దుట్నించి ఒకే అంకె విని విసిగిపోయిన రామ్మోహనరావు గారి మొహం విప్పారింది.

"శభాష్! ఇవాళ మేం పిలిచింది ఇరవై ముగ్గురిని. ఫైళ్ళు ఇక్కడే ఉన్నాయి. చూద్దామా ఇద్దరు కలుస్తారో లేదో? సగం ఛాన్స్ ఉంది."

ఆయన అంత సంబరంగా అడుగుతుంటే నిరోషకు ఒళ్ళు తెలియలేదు. పదకొండు కంపెనీల్లో ఆమెను చూసి నవ్విన మొదటి మనిషి మరి.

"సగం కాదు సార్. ఈడైతే పక్కా ఉంటది" అంది.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే!

ఎందుకని ఆయన అడగడం, బడి సారు సంగతి ఈమె చెప్పడం, ఆయన ఫైళ్ళన్నీ బల్ల మీద పరవడం చకచకా జరిగిపోయాయి. ఇరవై ముగ్గురిలో పదకొండు మంది జూన్. అందులో నలుగురు జూన్ పది! రామ్మోహనరావు గారు బల్ల చరిచి మరీ నవ్వారు. "నాది కూడా జూన్ ఒకటేనమ్మా! మా నాన్న వేయించాడు. పన్నెండేళ్ళుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, ఇంత మంచి జవాబు వినలేదు."

కుసుమకుమారి గారు నవ్వలేదు. నిరోష ఫైలు తన ముందుకు లాక్కున్నారు.

"ఒక్క నిమిషం. అంటే ఈ అప్లికేషన్‌లో ఉన్న తేదీ మీరు పుట్టిన తేదీ కాదు. అంతేనా?"

"కాదు మేడం."

"మరి పైన రాసినవన్నీ నిజమని కింద సంతకం పెట్టారు కదా?"

నిరోష రామ్మోహనరావు గారి వైపు చూసింది. ఆయనకు ఉన్నట్టుండి ఒక ఫైల్లో ఏదో ముఖ్యమైన సంగతి కనిపించింది. దాన్నుంచి మళ్ళీ తలెత్తలేదు.

కుసుమకుమారి గారిని ఆడిపోసుకోకండి. ఆవిడ లెక్క ఆవిడకుంది. ఇరవై ఇద్దరు నోరు మూసుకున్నారు, కాబట్టి వాళ్ళ తేదీలు నిజం. ఒక్కతి నోరు విప్పింది, కాబట్టి ఆమెది అబద్ధం. ఇంతకన్నా సులువైన లెక్కింపు పద్ధతి ఏ పుస్తకంలో ఉంది?

"మీరు సెలెక్టే. కానీ పుట్టిన తేదీకి రుజువు కావాలి. శుక్రవారం లోపు తెస్తే సోమవారం చేరొచ్చు. తేకపోతే ఫైలు మూసేస్తాం" అన్నారావిడ.

బయటికొచ్చేసరికి నిరోషకు ఏడుపొచ్చింది. వంశీకృష్ణ తల పట్టుకున్నాడు. "ఎందుకు చెప్పావు తల్లీ? అడిగినదానికి జవాబు చెప్పి వచ్చేయాలి గానీ!"

"గా సారు మస్తు ఖుషీ అయిండు వంశీ. గందుకే నోరు జారింది."

ఇక రుజువు వేట. సిరిసిల్లలో రిటైరై కూర్చున్న ఉప్పలయ్య సారుకు ఫోన్ చేసింది. తేదీ రాసిన మహానుభావుడు ఆయనే, ఆ సంగతి కాగితం మీద రాసివ్వమంది.

"నేనే రాసిన బిడ్డా, కాదంటనా? గా యేడాది దినానికి నలుగురి చొప్పున పుట్టిచ్చిన. ఇప్పుడు గది తప్పని నీకు రాసిస్తే, కడమోళ్ళ సర్టిఫికెట్లు ఏం గావాలె? వాళ్ళల్ల ఒకడు ఎస్సై సుత అయిండు! నన్నే లోపలేస్తడు" అన్నాడాయన. చివర్న "ఫికర్ జెయ్యకు" అని దీవించి ఫోన్ పెట్టేశాడు.

సిరిసిల్ల మునిసిపాలిటీ వాళ్ళ పుస్తకంలో నిరోష పుట్టుక ఎక్కనే లేదు. కావాలంటే 'నమోదు కాలేదు' అని కాగితం ఇస్తామన్నారు. ఎప్పుడు పుట్టావని కంపెనీ అడుగుతుంటే అసలు పుట్టనే లేదన్న కాగితం పట్టుకెళితే ఏం బాగుంటుంది?

చివరికి అమీర్‌పేటలోనే, టైపు మిషన్ల వరసలో కూర్చున్న ఒక నోటరీ దారి చూపించాడు. అసలు తేదీ వేయించాలంటే కోర్టుకు పోవాలి, రెండేళ్ళు తిరగాలి. సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే నిజమని ప్రమాణపత్రం రాయించాలంటే టీ చల్లారే లోపు పని అయిపోతుంది. ఆ కాగితాలు ముందే టైపు చేయించి దొంతర పెట్టుకున్నాడు. పేరు రాసుకోవడానికి ఖాళీ ఉంది, తేదీకి ఖాళీ ఉంది. నెల దగ్గర మాత్రం ఖాళీ లేదు. జూన్ అని ముందే టైపై ఉంది!

అయితే ఒక చిక్కు. పుట్టినప్పుడు దగ్గరున్నవాళ్ళెవరైనా వచ్చి ప్రమాణం చేయాలి. తల్లి అయితే మరీ మంచిదన్నాడు.

గురువారం మధ్యాహ్నం పోశవ్వ కుట్టు మిషన్ మీద చీర అలాగే వదిలేసి వచ్చింది. కూతురు ఎందుకు పిలిచిందో పూర్తిగా తెలియదు. నౌకరీకి కాగితం కావాలని మాత్రం తెలుసు. నోటరీ స్టాంపు ప్యాడ్ మూత తీశాడు.

"అమ్మా, నీ బిడ్డ జూన్ పదో తేదీన పుట్టింది. అంతే కదా?"

"జూన్లనా?" అంది పోశవ్వ. "జూన్ల గిది నా కడుపుల ఉండె సారూ. అయిదో నెల. దసరా పోయినంక తొమ్మిదో దినం పుట్టింది. ఒక్కటే వాన. గుంటమగ్గంల నీళ్ళు నిండినయి. నూలు తడుస్తదని నీళ్ళు ఎత్తిపోసుకుంట ఉంటే నొప్పులు లేసినయి. తేదీ అంటే తెల్వదు గని, దినం నాకు ఎరుక లేదా?"

నోటరీ చేయి ఆగిపోయింది. "అట్లంటే నేను ముద్ర వేయలేనమ్మా."

నిరోష తల్లి చేయి పట్టుకుంది. "అమ్మా, జర ఊకో. రేపే ఆఖరు దినం. గీ కాయితం లేకుంటే నౌకరీ పోతది. మళ్ళ ఇంకోటి రాదు."

పోశవ్వ కూతురి మొహం చూసింది. ఏడాదిగా పొద్దున్నే బస్సు వెంట పరుగెత్తి, సాయంత్రానికి వాడిపోయి వచ్చిన మొహం.

"ఏడ పెట్టాలె సారూ?" అని బొటనవేలు చాపింది.

నోటరీ కాగితం గట్టిగా చదివి వినిపించాడు. నా కూతురు జూన్ పదిన పుట్టినది, అప్పుడు నేను స్వయంగా అక్కడే ఉన్నాను, ఇది నాకు తెలిసిన నిజం. పోశవ్వ వేలిముద్ర వేసింది. ఆయన దాని పక్కన గుండ్రటి ముద్ర కొట్టాడు. ఇరవై ముగ్గురిలో పదకొండు జూన్లు, అన్నీ నిజమైనవే, అందులో ఒకటి ప్రమాణం చేసి మరీ నిజమైంది. శుక్రవారం కుసుమకుమారి గారు ఆ కాగితం చూసి, తృప్తిగా ఫైల్లో పెట్టుకున్నారు. సోమవారం నిరోష ఉద్యోగంలో చేరింది. అంతా సుఖాంతమే, ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఒక్కటే మిగిలింది. ఆ గురువారం బోరబండ బస్సు కోసం నిలబడ్డప్పుడు పోశవ్వ చీర కొంగుతో వేలికున్న సిరా తుడుచుకుంటూ తుడుచుకుంటూ అడిగింది.

"మరి బిడ్డా, గా వానల నిన్ను కన్న దినం, నేనేం జేసినట్టు?"

ఇరవై ముగ్గురికి ఎన్ని జతలో నోటికి చెప్పగల పిల్ల తల్లి చేతిలోంచి కొంగు తీసుకుని మిగిలిన సిరా తనే తుడవసాగింది. బస్సొచ్చింది, ఇద్దరూ ఎక్కారు.

కాబట్టి కంపెనీలవారికి నాదొక చిన్న మనవి. వచ్చే ఏడాది పేపర్లో పోశవ్వ ప్రశ్న కూడా వేయండి. నాలుగు ఆప్షన్లూ మీరే ఇవ్వండి.